చెరువుగట్టున తడి పాలెట్: మూడు ఎండాకాలాల వాడకం తర్వాత

తిరుపతి ఎండలో, త్వరగా ఆరిపోయే ఆక్రిలిక్ రంగులతో నీటి ప్రతిబింబాలు వేసేవాళ్లకు తడి పాలెట్ కచ్చితంగా కొనదగ్గది. మూతున్న డబ్బాలో తడి స్పాంజి, దాని మీద కాగితం, ఆ కాగితం మీద రంగులు: తడి పాలెట్ అంటే ఇంతే. కల్యాణి డ్యాం దగ్గరా, చంద్రగిరి వైపు చెరువుగట్ల మీదా వాడి చూశాకే ఈ మాట.

ఏప్రిల్‌లో మామూలు ప్లాస్టిక్ పాలెట్ మీద పలచగా పరిచిన రంగు నిమిషాల్లో పొర కట్టేస్తుంది. ఇందులో, నీడన పెడితే, పొద్దున కలిపిన రంగు మధ్యాహ్నం దాకా మెత్తగానే ఉంటుంది. రూపాలను ఉన్నట్టు గీయని అబ్‌స్ట్రాక్ట్ బొమ్మలకు ఇది మరీ అవసరం. చెట్టూ గట్టూ గీయం కనుక, బొమ్మ మొత్తం నాలుగైదు రంగుల మధ్య తేడా మీదే నిలబడుతుంది. ఆక్రిలిక్ ఆరాక కాస్త ముదురుతుంది. అందుకే అయిపోయిన రంగును మధ్యలో మళ్లీ అచ్చంగా కలపడం చాలా కష్టం.

డబ్బాతో వచ్చిన కాగితాలు అయిపోతే బేకింగ్ పేపర్ చాలు. మైనపు కాగితం మాత్రం వద్దు, తడి పైకి రానివ్వదు. స్పాంజిని బాగా తడిపి, డబ్బా వంచి, నిలిచిన నీళ్లు పారబోయాలి. ఈ ఒక్కటీ మరిస్తే రంగులు అంచుల్లో కారి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. రంగు ఆరడాన్ని ఆలస్యం చేసే రిటార్డర్ ద్రవాన్ని కూడా ఎక్కువ పోయకండి. మోతాదు దాటితే పొర జిగటగా ఉండిపోయి గట్టు మీది దుమ్మంతా అంటుకుంటుంది. పలచని పొరలకు నీళ్ల బదులు గ్లేజింగ్ మీడియం (రంగు పట్టు పోకుండా పలచన చేసే పారదర్శక ద్రవం) వాడాలి. ఉత్త నీళ్లతో మరీ పలచన చేస్తే పైపొర వేసేటప్పుడు కింది రంగు లేచి వస్తుంది.

పాలెట్ తీర్చలేనిది చూపు. గాలి లేవకముందే, పొద్దున్నే కూర్చోవాలి. నీటి మట్టానికి దగ్గరగా, ఏటవాలుగా చూస్తేనే ప్రతిబింబం చిక్కగా కనిపిస్తుంది. గట్టు మీంచి నిటారుగా చూస్తే అడుగున బురదే కనిపిస్తుంది. పోలరైజ్డ్ కళ్లద్దాలు తీసేయండి, అవి ప్రతిబింబాన్నే మింగేస్తాయి. ముదురు రంగు ముందు పరిచి, తడిగా ఉండగానే పాత ఏటీఎం కార్డు అంచుతో అడ్డంగా లాగితే అలల చీలికలు వస్తాయి. కుంచెతో ఆ పదును రాదు.

కుంచెలు డ్యాం నీళ్లలో కడగొద్దు. తిరుపతి తాగే నీళ్లలో అవీ ఉన్నాయి, ఆక్రిలిక్ ఆరితే ప్లాస్టిక్కే. మురికినీళ్లకు మూతున్న సీసా తీసుకెళ్లండి.

లోపం ఒకటే: మూసి ఉంచితే వారంలో స్పాంజి బూజు పట్టి కంపు కొడుతుంది. ఇంటికి రాగానే పిండి ఎండబెట్టాలి.