బళ్లు లెక్కపెట్టాలా, నిమిషాలు లెక్కపెట్టాలా? విశాఖ ట్రాఫిక్‌కి ఏది మేలు?

చదువుకునే రోజుల్లో ఒక ట్రాఫిక్ సర్వేకి రోజుకూలీ మీద వెళ్లాను. మద్దిలపాలెం జంక్షన్‌లో ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి, అట్ట, పెన్ను చేతికిచ్చారు. పేజీ నిండా గడులు: బైకు, ఆటో, కారు, బస్సు, లారీ. నాలుగు నిలువు గీతలు గీసి అయిదోది అడ్డంగా కొట్టాలి. పావుగంటకో కొత్త షీటు. సాయంత్రం ఆరు దాటాక ఒక బస్సు మలుపులో ఆగిపోయింది. ఇంకేముంది, ఏ బండీ కదల్లేదు. హారన్లు, తిట్లు, పొగ. నా షీటు మాత్రం దాదాపు ఖాళీ. సూపర్‌వైజర్ వచ్చి చూసి, "ఏమయ్యా, టీకి పోయావా?" అన్నాడు.

ఆ పావుగంట లెక్క ప్రకారం మద్దిలపాలెంలో ట్రాఫిక్ బాగా తగ్గిపోయింది!

రద్దీ ఎక్కడుందో పట్టుకోవడానికి ప్లానింగ్ వాళ్లకి ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి నేను చేసినట్టు ఒకచోట కూర్చుని బళ్లు లెక్కపెట్టడం. రెండోది, ఇక్కడి నుంచి అక్కడికి పోవడానికి ఎంతసేపు పట్టిందో కొలవడం. రెండూ కావాలని చెప్పి తప్పించుకోవచ్చు. కానీ డబ్బూ మనుషులూ చాలనప్పుడు ఏదో ఒకటే ముందు చేస్తారు. ముందు చేసిన కొలతే మందునీ నిర్ణయిస్తుంది. బళ్లు లెక్కపెడితే ఆ జంక్షన్‌కి ఫ్లైఓవర్ కావాలనిపిస్తుంది. నిమిషాలు లెక్కపెడితే దారి మొత్తం మీద చూపు పడుతుంది.

బళ్ల లెక్కలో అన్నిటినీ కారు కొలతలోకి మారుస్తారు. దాన్నే పీసీయూ, అంటే ప్యాసింజర్ కార్ యూనిట్ అంటారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో పట్టణ రోడ్ల కోసం ఇచ్చిన మార్గదర్శకాల్లో కారు 1, బైకు 0.5 నుంచి 0.75, ఆటో 1.2 నుంచి 2, బస్సు గానీ లారీ గానీ 2.2 నుంచి 3.7. రోడ్డు మీద ఆ రకం బళ్ల వాటా పెరిగితే పెద్ద అంకె వేసుకుంటారు. వచ్చిన మొత్తాన్ని, ఆ రోడ్డు మీద గంటకి మహా అయితే ఎన్ని పీసీయూలు పోగలవో ఆ అంకెతో భాగిస్తారు. 0.7 దగ్గర ఉంటే రోడ్డు బాగున్నట్టు, 1కి చేరితే నిండిపోయినట్టు.

ఇప్పుడు ఓ యాభై మందిని తీసుకోండి. కారుకి ఇద్దరు చొప్పున పోతే లెక్కలో 25. బైకుకి ఇద్దరైతే దాదాపు 19. అందరూ ఒకే బస్సెక్కితే మహా అయితే 3.7. ఇంత లాభం ఉన్నా షీటులో అది కనబడదు, ఎందుకంటే అందులో మనుషులకి గడి లేదు. నా చేతిలో ఉన్న కాగితానికి తెలిసిందల్లా కారు 1, బస్సు 3.7 అనే. మరి రోడ్డుకి అడ్డం ఎవరు? బస్సే! కిటకిటలాడుతూ ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్న 400 నంబరు బస్సు నా గీతల్లో ఒక పెద్ద నేరస్తుడు.

అలాగని ఈ పద్ధతిని తీసిపారెయ్యను. ఊళ్లో ఏ పనీ లేకుండా ఊరి మధ్యలోంచి పోయే లారీలు ఎన్ని ఉన్నాయో తేలాలంటే, లెక్కపెట్టడం, ఆపి "ఎక్కడ్నుంచి ఎక్కడికి?" అని అడగడమే సూటి దారి. ఆనందపురం నుంచి పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లి దాకా సుమారు 50 కిలోమీటర్ల ఆరు వరసల రోడ్డు ఆ జబ్బుకి సరైన మందు. అంతకుముందు కోల్‌కతా నుంచి చెన్నై పోయే లారీ కూడా మధురవాడ, మద్దిలపాలెం, గాజువాక చూసుకుంటూ పోయేది. ఎన్ఏడీ కొత్తరోడ్డు దగ్గర ఫ్లైఓవర్ కూడా అవసరమైనదే. గోపాలపట్నం, విమానాశ్రయం, మర్రిపాలెం వైపుల నుంచి వచ్చే బళ్లన్నీ ఒకదానికొకటి అడ్డం పడే చోటది. కాకపోతే గాజువాక నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్‌కి వస్తున్నప్పుడు వంతెన మీద మిగిలిన నిమిషాలు కొన్ని నాకు ముందున్న సిగ్నళ్ల దగ్గరే ఖర్చయిపోతున్నాయి. జంక్షన్ గెలిచింది, ప్రయాణం అంతగా గెలవలేదు.

నిమిషాల లెక్క ఇక్కడే పనికొస్తుంది. అందులోనూ మన ఊరికి. ఒకపక్క సముద్రం, ఇంకోపక్క సింహాచలం కొండ, మధ్యలో పోర్టు, నేవీ స్థలాలు. నగరం ఉత్తరం నుంచి దక్షిణానికి పొడవుగా సాగింది. ఊరి మధ్యలోంచి పోయే హైవేకి తోడు అంటే ఒకవైపు బీచ్ రోడ్డు, కొండ వెనక అడవివరం మీదుగా పోయే రోడ్డు. అంతే. హనుమంతువాకలో ఒక బండి ఆగితే ఇసుకతోటలో ఉన్నవాడికి పక్కకి తప్పుకునే సందు ఉండదు. అలాంటి చోట ఒక్కో జంక్షన్‌నీ విడదీసి చూడ్డం అంటే పుండొకచోట మందొకచోట.

సగటు టైము ఒక్కటే చూస్తే అదీ మోసమే. కొమ్మాది నుంచి మద్దిలపాలెం నేను ఓ వారం రాసుకున్నాను: సోమవారం 24 నిమిషాలు, మంగళవారం 27, బుధవారం 25, గురువారం 51, శుక్రవారం 28. గురువారం ఎండాడ ఎత్తులో సిమెంటు లారీ ఆగిపోయింది. సగటు 31. కానీ ఆఫీసులో పంచ్ కొట్టాల్సినవాడికి 31తో ఏం పని? వాడి టెన్షన్ అంతా ఆ 51 గురించే. అందుకే నిపుణులు 20 రోజుల్లో 19 రోజులు వేళకి చేరాలంటే ఎంత ముందు బయల్దేరాలి అన్నది చూస్తారు. అమెరికా లెక్కల్లో ఇలా లారీ చెడిపోవడం, ప్రమాదం, వాన, రోడ్డు తవ్వకాలు, ఉత్సవాల లాంటి వాటివల్ల కలిగే రద్దీయే మొత్తంలో దాదాపు సగం. మనకీ తక్కువేం కాదు. సింహాచలం గిరిప్రదక్షిణ నాడు 32 కిలోమీటర్ల దారిలో హనుమంతువాక, ఎన్ఏడీ రెండూ వస్తాయి. నేవీ విన్యాసాలు ఇక్కడ జరిగాయంటే ఆ రోజు బీచ్ రోడ్డు ఉండదు. వీటికి వంతెన ఏం చేస్తుంది? ఎండాడలో ఒక క్రేను, సిగ్నళ్ల మధ్య సరిపోయే టైమింగ్ చాలు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?

నిమిషాల లెక్కకీ లోపాలున్నాయి. ఫోన్‌లోని ఎర్రగీత ఎక్కడ ఆగామో చెబుతుంది, ఎందుకాగామో చెప్పదు. బస్టాపులో ఎండలో అరగంట నిలబడ్డ మనిషి అందులో ఎక్కడా ఉండడు. పైగా వేగం ఒక్కటే గీటురాయి చేసుకుంటే, ఖాళీ అయిన రోడ్డు మీదికి ఇంట్లో ఉన్న కారు కూడా వచ్చేస్తుంది. పెందుర్తి వైపు బీఆర్టీఎస్ రోడ్డులో మధ్య వరస బస్సులకని వేశారు. నేనెక్కిన బస్సుకి ముందు మాత్రం రెండు ఆటోలు, ఒక పెళ్లి కారు. లండన్‌లో 2003 నుంచి చేస్తున్నట్టు ఊరి మధ్యకొచ్చే బండికి రుసుము వేద్దామంటే, పొడుగ్గా ఉన్న ఈ ఊళ్లో గీత ఎక్కడ గీస్తారు? గురుద్వారా దగ్గరా, జగదాంబ దగ్గరా?

నన్నడిగితే విశాఖలో ముందు నిమిషాలే. అవి కూడా కారువి కాదు, బస్సువి. గాజువాక లాంటి చోట లారీ, ఆటో, నడిచేవాళ్లు ఒకరి మీద ఒకరు పడుతున్నప్పుడు తర్వాత కుర్చీ వేసుకుని బళ్లు లెక్కపెట్టండి, ఈసారి మనుషులకి ఒక గడి పెట్టి. అమెరికాలో 2 లక్షల జనాభా దాటిన నగర ప్రాంతాలకి రద్దీ నిర్వహణ పద్ధతి ఒకటి చట్టప్రకారం ఉండాలి. అందులో నాకు నచ్చింది చివరి మెట్టు. కట్టాక మళ్లీ వెళ్లి, మేలు జరిగిందా లేదా అని కొలవాలి. ప్రారంభోత్సవం అయ్యాక మళ్లీ అట్ట పట్టుకుని ఆ జంక్షన్‌కి వెళ్లమని నాకు ఎవరూ కూలీ ఇవ్వలేదు.

హైవే మీద మెట్రో, ఫ్లైఓవర్ ఒకే స్తంభాల మీద రెండంతస్తులుగా కట్టాలన్న ప్రతిపాదన నడుస్తోంది. మెట్రో మొదటి దశే మూడు దారుల్లో 46 కిలోమీటర్ల పైచిలుకు. తవ్వడం మొదలయ్యాక పాత టైము ఎవరికీ గుర్తుండదు. మద్దిలపాలెం నుంచి కూర్మన్నపాలెం దాకా 400 బస్సుకి ఇప్పుడు ఎంత పడుతోందో, ఒక నెలపాటు ఎవరో ఒకరు కండక్టర్ పక్కన కూర్చుని రాసిపెట్టాలి. ఈసారి టీ ఖర్చు నేనే పెట్టుకుంటాను.