వానాకాలంలో గోవా: బెజవాడ, గుంటూరు నుంచి పిల్లాపెద్దలతో వెళ్లేవాళ్లకు

జూలై, ఆగస్టుల్లో గోవా హోటళ్ల రేట్లు డిసెంబరు రేట్లలో సగానికి అటూఇటూ దిగుతాయి. చవగ్గా వస్తోంది కదా అని టికెట్లు తీసేసుకుని, తీరా వెళ్లాక సముద్రంలో దిగనివ్వట్లేదని, ఒడ్డున షాకులు (తాత్కాలిక పాకల భోజనశాలలు) లేవని, తడిసిన బట్టలు ఆరట్లేదని విసుక్కుంటూ తిరిగొచ్చే కుటుంబాలు ప్రతి ఏడూ ఉంటాయి. డిసెంబరు గోవాను మనసులో పెట్టుకుని జూలై గోవాకు వెళ్తే జరిగేది అదే.

ముందు వాన లెక్క చూడండి. బెజవాడలో ఏడాది పొడుగునా కురిసేది సుమారు 1,000 మిల్లీమీటర్లు. గోవాలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా నాలుగు నెలల్లోనే దాదాపు 3,000. నైరుతి గాలి అరేబియా సముద్రం మీది తేమనంతా మోసుకొచ్చి, పడమటి కనుమలు ఎక్కుతూ అక్కడే కుమ్మరించేస్తుంది. కొండ దాటి మన వైపు దిగేసరికి దాని దగ్గర మిగిలేది కొంచెమే. సూర్యలంకలో ఆగస్టులో చూసిన అలలతో గోవాలోని కొల్వా బీచ్ అలలను అంచనా వేయకూడదు. మన సముద్రం రెచ్చిపోయేది అక్టోబరు, నవంబరు తుపాన్లకు. వాళ్లది ఈ నాలుగు నెలలూ గాలికి ఎదురుగానే ఉంటుంది.

అందుకే అక్కడ వానాకాలమంతా ఒడ్డున ఎర్ర జెండాలు ఉంటాయి, ఈతకు దిగనివ్వరు. మోకాలి లోతే కదా అని పిల్లల్ని వదలడంలోనే ప్రమాదం ఉంది. ఒడ్డెక్కిన నీరు వెనక్కి పోయేటప్పుడు ఇసుక దిబ్బల మధ్య సందు వెతుక్కుని ఒక పాయగా లోపలికి లాగుతుంది. పైకి చూస్తే అక్కడే అలలు తక్కువగా, నీరు నెమ్మదిగా కనిపిస్తుంది, తెలియనివాళ్లు సరిగ్గా అక్కడే దిగుతారు. పాయలో చిక్కితే ఒడ్డుకు ఎదురీదకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది బయటపడాలి. పెద్దవాళ్లకు ఇది తెలిసి ఉంటే మంచిదే, పిల్లలకైతే పాదాలు తడవడంతో సరిపెట్టాలి. వాటర్ స్పోర్ట్స్, బీచ్ షాకులు కూడా ఈ నెలల్లో ఉండవు. దూధ్‌సాగర్ జలపాతం కిందికి తీసుకెళ్లే జీపులూ ఆగిపోతాయి.

ఇక ఎప్పుడు వెళ్లాలి? ముసలివాళ్లు, చిన్నపిల్లలు ఉంటే జూన్ రెండో సగం, జూలై వద్దు. ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు మధ్య వరకూ మేలు. వాన విరామాలిస్తూ పడుతుంది, పొలాలు పచ్చగా ఉంటాయి, రేట్లు ఇంకా పెరగవు. చిక్కల్లా వినాయక చవితి. గోవాలో హిందువుల ఇళ్లలో అంతకు మించిన పండగ లేదు. డ్రైవర్లు, వంటవాళ్లు, దుకాణదారులు సొంతూళ్లకు వెళ్లిపోతారు. చవితి నాడు, మర్నాడు టాక్సీ దొరకడం, చిన్న హోటలు తెరిచి ఉండడం కష్టం. ఆ వారం తప్పించి తేదీలు పెట్టుకోండి. దసరా సెలవులకు వెళ్లాలనుకుంటే పండగ ఏ తేదీన పడిందో చూసుకోవాలి. అక్టోబరు మధ్యకు నైరుతి వెనక్కి పోతుంది, దాంతో రేట్లు మళ్లీ పైకి లేస్తాయి.

ప్రయాణానికి అమరావతి ఎక్స్‌ప్రెస్‌ను మించింది లేదు. కోల్‌కతా దగ్గరి షాలిమార్ నుంచి వచ్చి, బెజవాడ, గుంటూరులో రాత్రిపూట ఎక్కించుకుని, నంద్యాల, గుంతకల్లు, హుబ్బళ్లి మీదుగా మర్నాడు మధ్యాహ్నం తర్వాత గోవాలోని వాస్కో చేరుస్తుంది. వారానికి నాలుగు రోజులే నడుస్తుంది కాబట్టి ముందు రైలు రోజు ఖాయం చేసుకుని, ఆ తర్వాతే గది పట్టుకోండి. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. కాజిల్ రాక్ నుంచి కులెం వరకు 26 కిలోమీటర్ల కనుమ దారి, 37 అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు. రైలు నెమ్మదిగా, సొరంగాల్లోంచి దిగుతుంది. 310 మీటర్ల దూధ్‌సాగర్ ఎదుటి వంతెన మీదుగానే పోతుంది. ఆలస్యం లేకపోతే అక్కడికి పగటి వెలుగులోనే చేరతారు. వానాకాలం గోవాలో అన్నిటికన్నా గొప్ప దృశ్యం బహుశా ఇదే, పైగా టికెట్లోనే వచ్చేస్తుంది. తలుపు దగ్గర మాత్రం నిలబడొద్దు, మెట్లు నాచుపట్టినట్టు జారతాయి.

ఈ రైలును రెండు వానలు ఆపగలవు, చాలామంది ఒకదాన్నే లెక్కలోకి తీసుకుంటారు. ఒకటి కనుమల్లో కొండచరియలు విరిగిపడడం, అప్పుడు బండిని మధ్యలో ఆపేయడమో దారి మళ్లించడమో చేస్తారు. రెండోది మన బంగాళాఖాతపు వాయుగుండం. బండి ఒడిశా తీరం వెంట వస్తుంది కాబట్టి అటు పట్టాలు మునిగినా మనకు ఆలస్యమే. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు బెజవాడ చుట్టుపక్కల రైళ్లు ఎన్ని రద్దయ్యాయో గుర్తుంది కదా! బయల్దేరే ముందు రోజు రెండు వైపుల వాతావరణమూ చూసుకోండి. బండి రద్దయితే ఆన్‌లైన్ టికెట్ డబ్బు దానంతటదే వస్తుంది. మూడు గంటలకు మించి ఆలస్యమై మీరు ప్రయాణం మానుకుంటే మాత్రం బండి మన స్టేషను వదలకముందే ఆన్‌లైన్‌లో టీడీఆర్ (డబ్బు వాపసు కోరే అర్జీ) వేయాలి, ఆ తర్వాత వేస్తే చెల్లదు.

సొంత కారులో వెళ్తే హుబ్బళ్లి దాకా హాయి, ఆ తర్వాత అన్మోడ్ ఘాటో చోర్లా ఘాటో దిగాలి. వానలో పొగమంచు, గుంతలు, లారీలు. పిల్లలతో ఆ శ్రమ అనవసరం. హైదరాబాద్ మీదుగా విమానంలో వెళ్లేవాళ్లు టికెట్ మీద కోడ్ చూసుకోవాలి. జీఓఐ అంటే వాస్కో దగ్గరి దబోలిం, జీఓఎక్స్ అంటే ఉత్తరాన మోపా. కొల్వాలో గది తీసుకుని మోపాలో దిగితే ఆ చివర నుంచి ఈ చివరకు టాక్సీ కట్టాలి, విమానంలో మిగిలిందంతా అక్కడే పోతుంది.

ఎక్కడ దిగాలన్న దగ్గర అందరూ బీచ్ పేరే అడుగుతారు. వానాకాలంలో ఆ లెక్క తిరగేయాలి. ఉత్తరాన కలంగూట్, కాండోలిం వైపు ఈ నెలల్లోనూ హోటళ్లు, భోజనశాలలు ఎక్కువే తెరిచి ఉంటాయి, కానీ వారాంతాల్లో తాగి తిరిగే గుంపులు తప్పవు. దక్షిణాన కొల్వా, బెనౌలిం ప్రశాంతం, మడ్‌గావ్ స్టేషనుకు దగ్గర. అయితే సాయంత్రం వాన పట్టుకుంటే గదే గతి. ఇంకా కింద పాలోలెంలో ఒడ్డునున్న గుడిసెలు విప్పేస్తారు, అందం మిగులుతుంది కానీ కుటుంబానికి వసతి తగ్గుతుంది. వీటన్నిటికన్నా పణజిలో దిగడమే మేలు. వానలో చూడగలిగినవి దాదాపు అన్నీ అక్కడికి దగ్గరే: పాత గోవా 10 కిలోమీటర్లు, మంగేశీ గుడి ఇరవై పైచిలుకు, ఫోండా 30. అరగంట వాన ఆగితే చాలు, నడిచి ఫాంటైన్హాస్ వీధుల్లోని రంగుల ఇళ్లు చూసి రావచ్చు. బీచ్ లేదన్న దిగులుంటే పక్కనే మీరామార్ ఉంది. పర్యాటక సంస్థ వారి రెసిడెన్సీలు సాదాగా ఉంటాయి, స్థలం మాత్రం ఊరి మధ్యలో పడుతుంది.

గది ఖాయం చేసే ముందు ఫోను చేసి అడగాల్సినవి ఉన్నాయి. ఫోటోల్లో ఇవేవీ కనిపించవు. కింది అంతస్తా, పైదా? కిందైతే చెమ్మ వాసన, పురుగూపుట్రా. బాల్కనీకి పైకప్పు ఉందా? లేకపోతే వానను చూస్తూ కూర్చునే సుఖమే పోయినట్టు. కరెంటు పోతే జనరేటర్ మీద ఫ్యాను ఒక్కటేనా, ఏసీ కూడానా? హోటల్లో వంట నడుస్తోందా, లేక అన్‌సీజన్ అని మూసేశారా? అన్నిటికన్నా ముఖ్యంగా, పెయింటింగులు, మరమ్మతులు జరుగుతున్నాయా? హోటళ్లు ఆ పనులన్నీ ఈ నెలల్లోనే పెట్టుకుంటాయి, పొద్దున్నే సుత్తి దెబ్బలతో నిద్ర లేవాల్సి వస్తుంది. ఐదేళ్లు దాటిన పిల్లలకు అదనపు మంచం డబ్బులెంతో రాతపూర్వకంగా తీసుకోండి. రోజు అద్దె 7,500 రూపాయల లోపుంటే 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్‌టీ 5 శాతమే. ఇంకా 12 వేస్తే ప్రశ్నించవచ్చు.

చూడ్డానికి పాత గోవాలో 1605లో పూర్తయిన బాం జీసస్ బాసిలికా, దాని ఎదురుగా సే కెథెడ్రల్, ఈ రెండు చర్చిలూ ఒక పూటకు సరిపోతాయి. ఆదివారం ఉదయం ప్రార్థనలుంటాయి, వేరే రోజు వెళ్లండి. పురావస్తు శాఖ మ్యూజియానికి శుక్రవారం సెలవు. అక్కడి నుంచి దివార్ దీవికి ఫెర్రీ ఎక్కితే పిల్లలకు పండగే, నడిచి ఎక్కేవాళ్లకు టికెట్ లేదు. మంగేశీ, శాంతాదుర్గ గుళ్లకు నిక్కర్లు వేసుకెళ్తే వెనక్కి పంపుతారు. ఫోండా చుట్టుపక్కల సుగంధ ద్రవ్యాల తోటలు భోజనంతో కలిపి బాగుంటాయి, కానీ జలగలుంటాయి. చిన్న పొట్లంలో ఉప్పు ఉంచుకోండి. తాంబ్డీ సుర్లాలోని కదంబుల నాటి నల్లరాతి గుడి పణజికి దూరమే అయినా వానలో దాని అందమే వేరు. హర్వళే జలపాతాన్ని దూరం నుంచి చూసి రావాలి. వాన ఉద్ధృతిని బట్టి జలపాతాలకు ప్రవేశం మూసేస్తుంటారు.

రోజు పథకమంతా వాతావరణ శాఖ ఇచ్చే హెచ్చరిక రంగును బట్టి నడపాలి. పసుపు ఉంటే అనుకున్నట్టే తిరగండి. నారింజ ఉంటే కనుమలు, జలపాతాలు, అడవి దారి మానేసి గుళ్లు, చర్చిలతో సరిపెట్టండి. ఎరుపు రోజు గదిలోనే పేకముక్కలు, పకోడీలు.

తిరగడానికి ఊబర్, ఓలా అలవాటు అక్కడ పని చేయదు. గోవామైల్స్ యాప్ ఉంది, లేదంటే రోజు లెక్కన టాక్సీ మాట్లాడుకోవాలి. మీరే నడుపుకునే అద్దె కారుకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుండాలి. తెల్ల ప్లేటు బండి వంద తక్కువకు ఇస్తామన్నా తీసుకోవద్దు, పోలీసులు పట్టుకుంటే జరిమానా, ప్రమాదం జరిగితే బీమా రాదు. పణజి, మడ్‌గావ్ మధ్య కదంబ (గోవా ప్రభుత్వ) బస్సులు ఆగకుండా పోతాయి, సామాను తక్కువుంటే చాలు.

చేపల కోసం వెళ్లేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మన తీరంలో వేట విరామం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకైతే, అటు జూన్ 1 నుంచి జూలై 31 వరకు. ఆ రెండు నెలలూ హోటల్లో తాజా వంజరం అన్నా నమ్మొద్దు, ఐసు పెట్టె సరుకు కావచ్చు. చెరువు రొయ్యలు తినడానికైతే భీమవరం దాటనక్కర్లేదు. శ్రావణంలో నీసు మానేవాళ్లకు ఇబ్బంది లేదు, అక్కడివాళ్లూ చాలామంది మానేస్తారు, పణజి, మడ్‌గావ్‌లో ఉడిపి హోటళ్లు ఉన్నాయి. లావు ఎర్ర బియ్యపన్నం పెద్దవాళ్లకు పడకపోవచ్చు. ఆవకాయ, కందిపొడి సీసాలు సంచిలో ఎలాగూ ఉంటాయిగా.

సామానులో గొడుగుకన్నా రెయిన్ కోటు ముఖ్యం, పక్కవాటు గాలికి గొడుగు తిరగబడుతుంది. జీన్సు రెండు రోజులైనా ఆరదు, పల్చటి బట్టలు రోజుకు రెండు జతల లెక్కన పెట్టండి. ప్లాస్టిక్ తాడు, పది క్లిప్పులు, బూట్లలో కుక్కడానికి పాత పేపర్లు. రాత్రి ఏసీని డ్రై మోడ్‌లో పెడితే గదిలో బట్టలు తెల్లారేసరికి ఓ మాదిరిగా ఆరతాయి.

తిరుగు బండి వాస్కోలో పొద్దున్నే బయల్దేరి మడ్‌గావ్ మీదుగా వస్తుంది. పణజి నుంచి తెల్లవారుజామున వానలో టాక్సీ వెతుక్కోకుండా చివరి రాత్రి మడ్‌గావ్‌కో, 6 కిలోమీటర్ల దూరంలోని కొల్వాకో మారిపోండి. ఆఫీసు సెలవు ఒక రోజు ఎక్కువ పెట్టుకోవాలి, కనుమలో బండి ఆగితే ఆ రోజే ఆదుకుంటుంది. సమయానికే నడిచినా గుంటూరు, బెజవాడలో దిగేసరికి అర్ధరాత్రి దాటుతుంది, ఇంటికి ఆటోనో కారో ముందే చెప్పి ఉంచండి.