మందులా, స్టెంటా, బైపాసా? డాక్టర్లు ఎలా తేలుస్తారు

గుండె రక్తనాళాల యాంజియోగ్రామ్ రిపోర్టులో ‘70 శాతం బ్లాక్’ అని కనబడగానే ఇంటిల్లిపాదికీ టెన్షన్ పట్టుకుంటుంది. వెంటనే స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే సన్నటి జాలీ గొట్టం) వేయించేద్దామంటారు. కానీ డాక్టరు ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. ఇప్పుడు గుండెపోటు వచ్చిందా, లేక నడిస్తే నొప్పి వచ్చి, ఆగితే తగ్గిపోయే పాత జబ్బా?

గుండెపోటైతే తర్జనభర్జనకు చోటు లేదు. నాళం పూర్తిగా మూసుకుపోతే ఆస్పత్రికి చేరిన 90 నిమిషాల్లోపు తెరవాలన్నది లక్ష్యం. అక్కడ స్టెంట్ ప్రాణం నిలబెడుతుంది. చిక్కంతా రెండో రకంలోనే.

ఈ రకంలో మందులు మేలా, స్టెంట్ మేలా అని 2007లో వచ్చిన ‘కరేజ్’ అధ్యయనం 2,287 మందిలో చూసింది. 2020లో ‘ఇస్కీమియా’ 5,179 మందిలో చూసింది. మందులకు తోడు స్టెంటో బైపాసో ముందే చేసినంత మాత్రాన మరణాలు తగ్గలేదు. చాలామందికి ఇది మింగుడుపడదు. స్టెంట్ సరిచేసేది ఒక్క చోటునే. గుండెపోటు తరచుగా పెద్దగా ఇరుకు కాని చోట పేరుకున్న కొవ్వు పగిలి, అక్కడ రక్తం గడ్డకట్టడం వల్ల వస్తుంది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్, బీపీ మాత్రలు, పొగ మానేయడం మాత్రం అన్ని నాళాలనూ కాపాడతాయి.

అలాగని స్టెంట్ దండగ అనను. మందులు వాడుతున్నా మెట్లెక్కితే ఛాతీ పట్టేసే మనిషికి అది ఇచ్చే ఉపశమనం చిన్నది కాదు. 2017లో ‘ఆర్బిటా’ అధ్యయనంలో మందులు సరిగా వాడుతున్న 200 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు స్టెంట్ వేయకుండానే వేసినట్టు అన్నీ జరిపించారు. ఎవరు ఏ గుంపో రోగులకు తెలియదు. ఆరు వారాల తర్వాత ట్రెడ్‌మిల్ మీద ఎంతసేపు నడవగలరన్న దాంట్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 2023లో నొప్పి మందులు ఆపించి ఇలాగే చూస్తే, స్టెంట్ పడినవాళ్లకు నొప్పి స్పష్టంగా తగ్గింది. నొప్పి ఎంత, దానికి మందులు సరిగా వాడి చూశారా అన్న ప్రశ్నలు అందుకే ముందు అడగాలి.

మరి ఆ 70 శాతం మాటేమిటి? కంటి అంచనా మోసం చేయవచ్చు. సన్నటి తీగను నాళంలోకి పంపి, బ్లాకుకు ముందూ వెనకా రక్తపు ఒత్తిడి కొలుస్తారు. అవతలి ఒత్తిడిని ఇవతలి దాంతో భాగిస్తే వచ్చేది 0.80 దాటితే, చూడ్డానికి ఎంత ఇరుకుగా ఉన్నా ఆ బ్లాకును సాధారణంగా వదిలేయొచ్చు. రిపోర్టులో ఈ కొలత ఉందా అని అడగడం మీ హక్కు.

బైపాస్ (బ్లాకును దాటి రక్తం పోయేలా వేరే నాళం అతికించే ఆపరేషన్) సంగతి వేరు. ఛాతీ తెరవాలి, కోలుకోవడానికి వారాలు పడుతుంది. అయినా షుగర్ ఉండి రెండు మూడు నాళాలు పాడైనవాళ్లకు అదే మేలు. 2012 నాటి ‘ఫ్రీడమ్’లో అలాంటివాళ్లలో మరణాలూ గుండెపోట్లూ స్టెంట్ కంటే బైపాస్‌తోనే తగ్గాయి, పక్షవాతం మాత్రం కొంచెం ఎక్కువ కనబడింది. ఎడమ ప్రధాన నాళంలో పెద్ద బ్లాకుంటే మందులతో సరిపెట్టరు. ఇలాంటి కేసుల్లో సర్జనూ కార్డియాలజిస్టూ కలిసి కూర్చుని తేల్చడమే నాకు సబబుగా తోస్తుంది.

ఈ తూకానికి అమెరికా వైద్య సంఘాలు 2009లో ఒక కొలబద్ద తెచ్చాయి. నొప్పి తీవ్రత, వాడిన మందులు, పరీక్షల ఫలితాలు, బ్లాకులున్న చోట్లు చూసి ఒక్కో పరిస్థితికి 1 నుంచి 9 దాకా మార్కులు వేస్తారు. 7 గానీ అంతకు పైన గానీ వస్తే స్టెంటో బైపాసో తగినదే, 3 గానీ అంతకు లోపు గానీ వస్తే అరుదుగానే తగినది. 4 నుంచి 6 మధ్య పడ్డవాళ్లకు లెక్క ఒక్కటే చాలదు. రోజుకెంత నడుస్తారు, స్టెంట్ తర్వాత నెలల తరబడి రెండు రకాల రక్తం పలచబరిచే మాత్రలు వేసుకోగలరా, దగ్గర్లో వేరే ఆపరేషన్ ఏదైనా ఉందా? ఇవి రోగే చెప్పాలి, డాక్టరు ఓపిగ్గా వినాలి.