6013 రాడ్డా, 7018 రాడ్డా: షాఫ్టు అతకడానికి ఏది మేలు?

వానాకాలం కోతలు దగ్గర పడ్డాయంటే మిర్యాలగూడ మిల్లుల పక్క షాపుల్లో, హాలియా, దేవరకొండ రోడ్ల మీద ఒకటే ప్రశ్న: షాఫ్టు అతకడానికి 6013 వెల్డింగు రాడ్డు చాలదా, 7018 కొనాల్నా? దాని వెనకే ఇంకో మాట: "7018తోనే కొట్టించినం, తెల్లారేసరికి పక్కనే చీలింది. ఇంక ఎక్కువ పైసలు పెట్టుడెందుకు?"

చాలామంది ముందున్న 60, 70 చూసి 7018 గట్టిదనుకుంటారు. ఆ అంకెలు వెల్డు ఎంత లాగుడుకు ఆగుతుందో చెప్తాయి: చదరపు అంగుళానికి 60 వేలు, 70 వేల పౌండ్లు. చూడాల్సింది చివరి అంకె, పూత రకం చెప్పేది అదే. 6013ది రూటైల్ (టైటానియం ఖనిజం) పూత. అందులో కాస్త తేమ, సెల్యులోజ్ ఉంటేనే ఆర్క్ సాఫీగా నడుస్తుంది. 7018ది సున్నపురాయి, ఫ్లోర్‌స్పార్ పూత, తేమ చాలా తక్కువ.

ఆర్క్ వేడికి ఆ తేమ విడిపోయి హైడ్రోజన్ కరిగిన లోహంలోకి దిగుతుంది. 6013తో 100 గ్రాముల వెల్డులో 20, 30 మి.లీ. దాకా చేరడం మామూలే. ఎండుగా ఉన్న 7018తో 8 మి.లీ. లోపే ఉంచొచ్చు. ప్యాకెట్ మీద హెచ్4, హెచ్8 అని ఉండేది ఈ లెక్కే. కరిగిన ఇనుము పట్టుకున్నంత హైడ్రోజన్‌ను గడ్డకట్టిన ఇనుము పట్టుకోలేదు. కొంత బయటికి పోతుంది, మిగిలింది అణువుల మధ్య తిరుగుతూ రేణువుల అంచుల్లో, అమరిక చెదిరిన చోట్ల, మాంగనీస్ సల్ఫైడ్ పలుకుల పక్కన చిక్కుకుంటుంది. అప్పుడే వేసిన 6013 వెల్డు ముక్కను చటుక్కున నీళ్లలో చల్లార్చి, తుడిచి గ్లిజరిన్‌లో వేస్తే సూదిమొనంత బుడగలు గంటల తరబడి పైకి వస్తూనే ఉంటాయి.

మెత్తటి ఇనుముకు దీంతో పెద్ద ఇబ్బంది లేదు. అది సాగుతుంది, హైడ్రోజన్ కొన్ని రోజుల్లో దానంతటదే పోతుంది. గేట్లు, రేకుల షెడ్లు, ట్రాలీ బాడీలకు 6013 హాయిగా చాలు, పాత ఏసీ ట్రాన్స్‌ఫార్మర్ మీద కూడా అంటుకుంటుంది. అక్కడ 7018 దండుగ.

షాఫ్టు సంగతి వేరు. షాఫ్టులకు వాడే ఈఎన్8 రకం ఉక్కులో కార్బన్ 0.35 నుంచి 0.45 శాతం. లావు కడ్డీ వేడిని గబగబా లాగేస్తుంది కాబట్టి వెల్డు పక్క పట్టీ గాజులా పెళుసు బారుతుంది. ఆ పెళుసు, లోపలి బిగువు, హైడ్రోజన్ మూడూ కలిస్తే చల్లారాక 48 గంటల లోపు ఎప్పుడైనా చీలొచ్చు. చీలిక ఎక్కువగా వెల్డులో కాదు, దాని అంచునో అడుగునో వస్తుంది. అందుకే చాలాసార్లు తప్పు రాడ్డు మీద కాక షాఫ్టు మీద పడుతుంది.

కాబట్టి షాఫ్టుకు 7018 కే నా ఓటు, కానీ ఎండుగా ఉంటేనే. శ్రావణమాసం ముసురులో విప్పిన ప్యాకెట్ రాత్రంతా బల్ల మీద ఉందంటే అది పేరుకే 7018. ఎండలో పెడితే లాభం లేదు, పూతలోని సిలికేట్ జిగురు పట్టుకున్న నీరు ఆ వేడికి వదలదు. ఓవెన్‌లో 300 నుంచి 350 డిగ్రీల్లో గంట నుంచి రెండు గంటలు కాల్చి (ప్యాకెట్ మీద వేరే లెక్క ఉంటే అదే పాటించాలి), 120 డిగ్రీల దగ్గర నిలిపి, నాలుగు గంటల్లో వాడేటన్నే బయటికి తీయాలి. మళ్లీ కాల్చడం ఒక్కసారికే. రాడ్డును అతికే ఇనుముకే అంటించి ఎర్రగా చేసి "ఆరింది" అనుకునే అలవాటు పూతను పగలగొడుతుంది. 6013ను మాత్రం ఆ ఓవెన్‌లో పెట్టొద్దు, సెల్యులోజ్ మాడిపోతుంది. తడిస్తే 100 డిగ్రీలు చాలు. ఓవెన్ లేకుంటే చిన్న వాక్యూమ్ ప్యాకెట్లు కొని, విప్పినవి ఆ పూటే వాడాలి.

60 ఎంఎం ఈఎన్8 షాఫ్టుకు 'వి' గాడి తీసి, అటూ ఇటూ అంగుళం మేర తుప్పు, గ్రీజు, రంగు గ్రైండ్ చేయాలి. తుప్పులోనూ నీరుంటుంది. చుట్టూ మూడంగుళాలు 200 డిగ్రీలకు వేడెక్కించి టెంపరేచర్ చాక్‌తో (ఫలానా వేడికే కరిగే సుద్ద) చూసుకోవాలి. 3.15 ఎంఎం రాడ్డు, డీసీ పాజిటివ్ (రాడ్డు ప్లస్‌కు), 110 నుంచి 130 ఆంపియర్లు, ఆర్క్ పొట్టిగా. పొరల మధ్య 200 కిందికి దిగనివ్వొద్దు. అయ్యాక 250 దగ్గర రెండు గంటలు ఉంచితే హైడ్రోజన్ చాలావరకు పోతుంది. తర్వాత పొడి ఊక బూడిదలో పూడ్చాలి, మిల్లుల దగ్గర దానికి కరువా! తడి బూడిద అయితే నీళ్లలో ముంచినట్టే. పై చీలికల్ని రంగుతో చూపే ఎర్ర డై పరీక్ష అదే సాయంత్రం కాదు, 48 గంటలు గడిచాక చేయాలి. వెల్డు అడుగున వచ్చిన చీలిక డైకి కూడా దొరకదు, దానికి అల్ట్రాసోనిక్ పరీక్ష కావాలి.

రాడ్డుకు బదులు గ్యాస్ రక్షణలో తీగతో అతికే సీఓ2 మిగ్‌లో హైడ్రోజన్ తక్కువే కానీ గాలికి గ్యాస్ చెదురుతుంది. షెడ్డులో సరే, చేలో హార్వెస్టర్ దగ్గర కష్టం. 312 స్టెయిన్‌లెస్ రాడ్డు హైడ్రోజన్‌ను తనలోనే పట్టి ఉంచుతుంది. ఖరీదెక్కువ, సరిగా వేడెక్కించే వీల్లేని చోట అక్కరకొస్తుంది.

కమాన్ పట్టీలు (బండి స్ప్రింగు పట్టీలు) మాత్రం ఏ రాడ్డుతోనూ అతికించొద్దు. కార్బన్ ఇంకా ఎక్కువ, పైగా వెల్డు వేడికి పట్టీ పదునే పోతుంది. కొత్త పట్టీ వేయించుకోండి.