మైనింగ్ ఇంజనీరింగా, జియాలజీయా: ఏది మేలు?

ఇంటర్మీడియట్‌లో ఎంపీసీ చదివి, అందరూ పోతున్న కంప్యూటర్ల దారిలో పోకూడదని నిశ్చయించుకుని, భూమి లోపలి సంగతుల మీద మనసు పడిన విద్యార్థికి ముందుగా రెండు దారులు కనిపిస్తాయి. మొదటిది ఎప్‌సెట్ లేదా జేఈఈ ర్యాంకుతో దొరికే నాలుగేళ్ల బీటెక్ మైనింగ్. రెండవది డిగ్రీలో జియాలజీ (భూగర్భశాస్త్రం) తీసుకుని, ఆపై ఎమ్మెస్సీ చేసే దారి. రెండూ రాళ్ల చదువులే కదా, ఏది చదివినా చివరికి సింగరేణిలోనో ఇనుప ఖనిజం తవ్వే ఎన్ఎండీసీలోనో తేలతారు కదా అని బంధువులు తేల్చేయడం మామూలే. ఆ మాటలో కొంత నిజం ఉన్నా, దానిని నమ్మి దారి ఎంచుకున్నవారు రెండవ సంవత్సరానికే చిక్కుల్లో పడతారు.

తేడా తెలియడానికి గోదావరి లోయలోని ఒక బొగ్గు పొరను తీసుకుందాం. 25 కోట్ల సంవత్సరాలకు మునుపటి పెర్మియన్ కాలంలో ఏర్పడిన ఆ పొర ఏటవాలుగా సాగుతూ ఒకచోట హఠాత్తుగా తెగిపోయి, కొన్ని మీటర్ల దిగువన మళ్లీ మొదలవుతుంది. దానినే భ్రంశం అంటారు, గనివారి నోట అది ‘ఫాల్ట్’. జియాలజీ విద్యార్థికి ఆ ఫాల్ట్ ఒక చరిత్ర. పొర ఎటు జారింది, ఎంత జారింది, ఆ జారుడు బొగ్గు ఏర్పడిన తరవాత ఎంత కాలానికి జరిగింది అనేవి అతని ప్రశ్నలు. రెండు బోర్‌హోళ్ల నుంచి తీసిన కోర్ ముక్కలను (కడ్డీల్లా వచ్చే రాతి నమూనాలను) పక్కపక్కన పేర్చి, కంటికి కనపడని మధ్య భాగాన్ని అతడు ఊహించి గీస్తాడు. మైనింగ్ విద్యార్థికి అదే ఫాల్ట్ ఒక బెడద. అక్కడ పైకప్పు నలిగిపోయి ఉంటుంది కాబట్టి దాన్ని పట్టి ఉంచే రూఫ్ బోల్టులు ఎంత దగ్గరగా వేయాలి, పగుళ్ల గుండా నీరు దిగితే పంపులు చాలుతాయా, గ్యాలరీని, అంటే గని లోపలి సొరంగపు దారిని, అక్కడితో ఆపాలా లేక రాతిని తొలిచి అవతలి బొగ్గును అందుకోవాలా అనేవి అతని ప్రశ్నలు. వాటికి రాబోయే షిఫ్ట్ మొదలయ్యేలోగా జవాబు కావాలి.

ఈ రెండు చదువుల మధ్య అసలు తేడా తప్పు ఎప్పుడు బయటపడుతుంది అన్నదానిలో ఉందని నా అభిప్రాయం. జియాలజిస్టు మాట నిజమో కాదో తేలడానికి ఏళ్లు పడుతుంది. ప్రభుత్వ భూగర్భ పరిశోధన సంస్థ జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించగా, హైదరాబాద్ (దక్కన్) కంపెనీ తవ్వకపు హక్కులు పొందింది 1886లో, అక్కడ గని పని మొదలైంది 1889లో. కనుగొనడానికీ తవ్వడానికీ మధ్య 18 ఏళ్లు గడిచాయి. గనిలో మాత్రం తప్పుకు అంత గడువు ఉండదు. ధన్‌బాద్ దగ్గరి చాస్‌నాలా గనిలోకి 1975 డిసెంబరు 27న నీరు ముంచెత్తి 370 మందికి పైగా కార్మికులు చనిపోయారు. నీరు నిలిచిన పాత పనులకూ కొత్త పనులకూ మధ్య ఎంత మందాన అడ్డుగోడ వదలాలి అన్నది మైనింగ్ విద్యార్థికి పరీక్షలో మార్కుల ప్రశ్న మాత్రమే కాదని ఈ ఒక్క ఉదంతం చాలు చెప్పడానికి. ఏళ్ల తరబడి అనిశ్చితిని మోయడం కొందరికి సులువు, అప్పటికప్పుడు బాధ్యత మోయడం మరికొందరికి సులువు. తాను ఎటువంటివాడో తెలుసుకోవడమే ఈ ఎంపికలో సగం పని.

చదువు స్వభావాన్ని చూస్తే, బీటెక్ మైనింగ్ పేరుకు ఒక శాఖ అయినా నిజానికి నాలుగైదు శాఖల కలగలుపు. మొదటి సంవత్సరపు గణితం, భౌతికశాస్త్రం దాటాక శిలల బలాన్ని లెక్కకట్టే రాక్ మెకానిక్స్, గని సర్వే, డ్రిల్లింగ్-బ్లాస్టింగ్, వెంటిలేషన్, గని యంత్రాలు, ఖనిజ శుద్ధి, గనుల చట్టాలు వరుసగా వస్తాయి. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుతుందన్న ఒక్క అంకె చుట్టూ వెంటిలేషన్ పాఠంలో ఎంత భాగం అల్లుకుని ఉంటుందో చదివినవారికి తెలుసు. ఈ చదువుకు దేశంలో పాత పీఠం ధన్‌బాద్. 1926లో ఇండియన్ స్కూల్ ఆఫ్ మైన్స్‌గా మొదలైన ఆ సంస్థ 2016లో ఐఐటీ అయింది. ఖరగ్‌పూర్, వారణాసి ఐఐటీలు, సూరత్కల్, రూర్కెలా ఎన్ఐటీలు కూడా మైనింగ్ చెబుతాయి. మనకు దగ్గరలో ఉన్నది కొత్తగూడెం. అక్కడ 1978లో మొదలైన స్కూల్ ఆఫ్ మైన్స్ చాలాకాలం కాకతీయ విశ్వవిద్యాలయపు ఇంజనీరింగ్ కళాశాలగా నడిచి, 2025లో డాక్టర్ మన్మోహన్ సింగ్ పేరిట ఎర్త్ సైన్సెస్ విశ్వవిద్యాలయంగా మారింది. భవనాలూ ప్రయోగశాలలూ ఎలా ఉన్నా, హాస్టల్ నుంచి అరగంట ప్రయాణంలో నడుస్తున్న గనులుండటం కొత్తగూడెం విద్యార్థికి పెద్ద ఆస్తి.

జియాలజీ తరగతి గదిలో నేర్చుకునే చదువు కాదు, కాళ్లతో నేర్చుకునే చదువు. పలచగా అరగదీసిన రాతి పలకను మైక్రోస్కోపు కింద తిప్పి ఖనిజాలను గుర్తుపట్టడం గదిలోనే వస్తుంది గాని, టోపోషీటు (ఎత్తుపల్లాలు చూపే పటం), సుత్తి, దిశనూ వాలునూ చూపే బ్రంటన్ కంపాస్ పట్టుకుని ఎండలో పొరల వాలును కొలుస్తూ పటం గీస్తే తప్ప ఆ శాస్త్రం వంటబట్టదు. ఈ విషయంలో తెలుగు విద్యార్థి అదృష్టవంతుడని చెప్పాలి, ఎందుకంటే ఇంత వైవిధ్యమున్న ప్రయోగశాల ఇంటి ముంగిట మరెవరికో గాని ఉండదు. ఒక్క కడప బేసిన్‌లోనే మంగంపేట బెరైటీస్, తుమ్మలపల్లె యురేనియం, పలకలుగా చీలే సున్నపురాయి, బనగానపల్లె పొరలలోని వజ్రాలు దొరుకుతాయి. విశాఖ చుట్టూ ఖోండలైటు అనే రాతి కొండలు, బొర్రా గుహలు, భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు. అనంతపురం వైపు వజ్రకరూరులో వజ్రాలను మోసుకొచ్చే కింబర్లైటు శిలలు. గోదావరి లోయలో బొగ్గు. సి.వి. రామన్ వద్ద పరిశోధన చేసిన సి. మహదేవన్ తీర్చిదిద్దిన ఆంధ్ర విశ్వవిద్యాలయపు భూగర్భశాస్త్ర శాఖ, హైదరాబాద్‌లో ఉస్మానియా శాఖ ఈ చదువుకు పేరుపడ్డ చోట్లు. ఎమ్మెస్సీకి ఐఐటీలకు వెళ్లదలచినవారు జామ్ అనే ప్రవేశ పరీక్షలో జియాలజీ పేపరు రాయాలి. డిగ్రీ స్థాయిలో ఒక చిక్కుంది. జియాలజీ చెప్పే కళాశాలలు చాలా తక్కువ కాబట్టి, ఊరి కళాశాలలో చేరి తరవాత చూసుకుందామంటే ఎమ్మెస్సీ ద్వారం మూసుకుపోవచ్చు.

ఉద్యోగాల దగ్గరకు వస్తే రెండు దారులూ పూర్తిగా విడిపోతాయి. మైనింగ్ పట్టభద్రుడికి డిగ్రీ కన్నా విలువైన కాగితం ఒకటుంది, అది గనుల భద్రతా డైరెక్టరేట్ ఇచ్చే మేనేజర్ సర్టిఫికెట్. నిర్ణీత కాలం గనిలో పనిచేసి, పరీక్ష నెగ్గి, ముందు సెకండ్ క్లాస్, తరవాత ఫస్ట్ క్లాస్ సర్టిఫికెట్ సంపాదించాలి. బొగ్గు గనులకు 2017 నాటి నిబంధనలు, లోహపు గనులకు 1961 నాటి నిబంధనలు వేరువేరుగా ఉన్నందున సర్టిఫికెట్లూ వేరే. చట్టప్రకారం ప్రతి గనికీ అర్హుడైన మేనేజర్ ఉండి తీరాలి కాబట్టి, ఈ కాగితం చేతిలో ఉన్నవాడికి పని కరువు ఉండదు. కానీ గనిలో ప్రమాదం జరిగితే ముందుగా విచారణకు నిలబడేదీ అతడే.

జియాలజిస్టుకు అటువంటి చట్టపు రక్షణ తక్కువ, పోటీ ఎక్కువ. యూపీఎస్సీ నిర్వహించే కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష ద్వారా జియలాజికల్ సర్వేలోనూ కేంద్ర భూగర్భజల మండలిలోనూ గ్రూప్ ఏ ఉద్యోగాలు వస్తాయి. దానికి పీజీ తప్పనిసరి, ప్రిలిమ్స్, మెయిన్స్, ఇంటర్వ్యూ మూడూ దాటాలి. అంటే బీటెక్ స్నేహితుడు 22వ ఏట జీతం అందుకుంటుంటే, జియాలజీ విద్యార్థి 24, 25 ఏళ్ల వరకు ఇంటి మీద ఆధారపడి ఉండక తప్పదు. ఈ వెచ్చింపును తేలికగా తీసుకోమని చెప్పే సలహాదారులను నేను నమ్మను. వారిలో ఎక్కువమంది ఆ రెండేళ్ల ఖర్చు భరించనక్కరలేనివారే. జియాలజిస్టుకు ఒక సౌకర్యం మాత్రం ఉంది: హైదరాబాద్. ఉప్పల్‌లో 1961 నుంచి ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, బేగంపేటలో అణు ఖనిజాల డైరెక్టరేట్ ప్రధాన కార్యాలయం, జియలాజికల్ సర్వే దక్షిణ ప్రాంత కార్యాలయం, శిక్షణ సంస్థ అన్నీ ఆ ఒక్క నగరంలోనే ఉన్నాయి.

ఒక దారి నుంచి మరొక దారికి మారవచ్చునా అని చాలామంది అడుగుతారు. బీటెక్ మైనింగ్ డిగ్రీతో జియో సైంటిస్ట్ పరీక్ష రాయలేరు, ఎమ్మెస్సీ జియాలజీతో నేరుగా గని మేనేజర్ కాలేరు. రెండు వంతెనలు మాత్రం ఉన్నాయి. గని ప్రణాళికను తయారుచేసే అర్హత తగిన అనుభవం తరవాత ఇరువురికీ వస్తుంది. ఖనిజ నిల్వల అంచనా పనిలో కంప్యూటర్ మోడలింగ్ తెలిసిన ఇరువురినీ కంపెనీలు తీసుకుంటాయి.

బొగ్గు వాడకం తగ్గిపోతే మైనింగ్ చదువు ఏమవుతుందన్న భయం ఇప్పుడు తల్లిదండ్రుల్లో కనిపిస్తోంది. సింగరేణి ఉత్పత్తిలో అధిక భాగం ఇప్పటికే ఓపెన్‌కాస్ట్ (పైనుంచి తవ్వే) గనుల నుంచి వస్తున్నది, భూగర్భ గనులు మూతపడుతున్నాయి. అయినా సున్నపురాయి, ఇనుము, రాగి, బాక్సైటు తవ్వక తప్పదు; బొగ్గుకే పరిమితమయ్యేవాడికి ప్రమాదం గాని మైనింగ్‌కు కాదు. జియాలజీకి గాలి అనుకూలంగా ఉంది. కేంద్రం 2023లో లిథియం, అరుదైన మృత్తికలతో సహా 30 కీలక ఖనిజాల జాబితా ప్రకటించింది, అదే ఏడాది చట్టం సవరించి లోతైన ఖనిజాల అన్వేషణకు ప్రత్యేక లైసెన్సు తెచ్చింది. వెతకనిదే తవ్వలేరు కనుక ఈ పని ముందుగా చేరేది జియాలజిస్టు దగ్గరకే. అన్వేషణకు డబ్బు వచ్చినప్పుడు వెల్లువలా రావడం, ధరలు పడితే మొదట ఆగేది అదే కావడం కూడా ఈ వృత్తి లక్షణం.

అమ్మాయిలకు లెక్క కొంత వేరు. 1952 నాటి గనుల చట్టం స్త్రీలను భూగర్భంలోకి దింపకుండా ఆపింది. 2019లో కేంద్రం ఆ నిషేధాన్ని సడలించి, నిరంతరం ఉండనవసరం లేని సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనులకు ఉదయం 6 నుంచి సాయంత్రం 7 వరకు దిగవచ్చునని అనుమతించింది. తలుపు తెరుచుకుంది గాని, మరుగుదొడ్డి నుంచి బదిలీ వరకు ప్రతిదీ మగవారి కోసమే ఏర్పడిన చోటది. జియాలజీలో అటువంటి చట్టపు అడ్డు ఎన్నడూ లేదు, అయితే నెలల తరబడి అడవి క్యాంపులో ఉండవలసిన ఫీల్డ్ కాలం గురించి ఇంట్లో ముందే మాట్లాడుకోవడం మంచిది.

నన్ను ఒక్క మాట చెప్పమంటే, ఇంటికి త్వరగా ఆసరా కావలసినవాడికి, మనుషులతో పని చేయించగల ధైర్యం ఉన్నవాడికి మైనింగే మేలంటాను. మంచి జేఈఈ ర్యాంకు ఉండి శాస్త్రం మీద ఇష్టం ఉన్నవారికి ఈ రెండింటికన్నా ధన్‌బాద్ వంటి ఐఐటీలలోని అప్లైడ్ జియాలజీ, జియోఫిజిక్స్ ఐదేళ్ల కోర్సులు మేలు, ఎందుకంటే ఎమ్మెస్సీ ప్రవేశపు ఆందోళన ఒక్క దెబ్బతో తీరిపోతుంది. ర్యాంకు అంతంతమాత్రమైనా రాళ్ల మీద మమకారం నిజమైనదైతే, రెండేళ్ల ఆలస్యాన్ని ఇల్లు భరించగలిగితే, జియాలజీ చదవమంటాను. బైపీసీ విద్యార్థికి ఈ చర్చ అంతా అక్కరలేదు. మైనింగ్ బీటెక్‌కు అతను అర్హుడు కాడు, జియాలజీలో చేర్చుకునే కళాశాల ఎక్కడుందో వెతుక్కోవడమే అతని పని.