పాత మినీ గేర్‌బాక్స్ సీల్ కిట్, తీసుకోవచ్చు

పాత మినీ కారులో ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ ఒకటే ఆయిల్ కదా, అందుకే కింద మరక కనబడగానే ఇంజన్ దింపేద్దాం అంటారు, అంత సీన్ లేదు, రాడ్ చేంజ్ బాక్స్ (గేర్ లివర్‌ని రాడ్‌తో కలిపే రకం) అయితే చాలాసార్లు దొంగ ఆ గేర్ సెలెక్టర్ షాఫ్ట్ (గేర్ మార్చే కడ్డీ) బయటికొచ్చే చోట ఉండే ఆయిల్ సీలే, కార్ స్టాండ్ల మీద పెట్టి కింద నుంచే మార్చేయొచ్చు. కిట్‌లో ఆ సీల్ సూపర్, టైట్‌గా కూర్చుంది. షాఫ్ట్ చివర అంచులు పదునుగా ఉంటాయి, పల్చటి టేప్ చుట్టి ఎక్కించండి లేదంటే కొత్త సీల్ అక్కడే చిరుగుద్ది. ఆ షాఫ్ట్‌ని రాడ్‌కి కలిపే రోల్ పిన్ కూడా ఇచ్చుంటే బాగుండేది, కొట్టి తీసిన పాతది మళ్ళీ వేయాలంటే మనసొప్పదు. డిఫ్ (చక్రాలకి పవర్ పంచే డిఫరెన్షియల్) సైడ్ కవర్ గాస్కెట్లు మాత్రం నేను వాడలేదు, మందం తేడా వస్తే బేరింగ్ ప్రీలోడే, అంటే బేరింగ్ మీద ఉంచే బిగువే మారిపోద్ది. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందకి దూరకండి బాబూ. ఇప్పటికైతే చుక్క పడట్లేదు, నాలుగు స్టార్లు.