అమ్మాయి క్లారినెట్ సౌండ్ కోసం ఏడాదిలో ఏమేం కొన్నాం, ఏది పనిచేసింది

మా అమ్మాయి ఏడో తరగతి. ఇక్కడ టెక్సస్‌లో ఆరో తరగతి నుంచే స్కూల్లో బ్యాండ్ క్లాసు ఉంటుంది, తను క్లారినెట్ తీసుకుంది. రెండో ఏడు వచ్చేసరికి సౌండ్ సన్నగా, గాలి గాలిగా, పై స్వరాల్లో కీచుమంటూ ఉండేది, దాన్ని బాగుచేయడానికి మేం చాలా డబ్బులు, చాలా సాయంత్రాలు పెట్టాం. ఆగస్టు రాగానే మన తెలుగు పేరెంట్స్ గ్రూపుల్లో ఇదే ప్రశ్న వస్తుంది, మౌత్‌పీస్ (నోట్లో పెట్టుకుని ఊదే పై ముక్క) మార్చాలా, చెక్క క్లారినెట్ కొనాలా, లెసన్స్ పెట్టించాలా అని. అందుకే మా అనుభవం మొత్తం ఒకచోట రాస్తున్నాను. ముందే చెప్పేస్తాను, లెసన్స్‌కి ఐదుకి ఐదు. వాండోరెన్ 5ఆర్‌వీ లైర్ మౌత్‌పీస్‌కి నాలుగు, అది కూడా లెసన్స్ మొదలయ్యాక కొన్నాం కాబట్టే నాలుగు.

వాయిద్యం యమహా వైసీఎల్-255, నెల అద్దెకి తీసుకున్నాం. గట్టి ప్లాస్టిక్‌తో చేసింది, స్కూలు పిల్లల్లో చాలామంది చేతుల్లో ఇదే కనిపిస్తుంది. ఆరో తరగతి అంతా దీని మీద ఏ ఇబ్బందీ లేదు. ఏడులో "బ్రేక్ దాటడం" మొదలైంది, అక్కడే టెన్షన్ పట్టుకుంది. సంగీతం తెలిసినవాళ్లకి ఇలా చెప్తే అర్థమవుతుంది: ఫ్లూట్‌లో కాస్త గట్టిగా ఊదితే స నుంచి పై స కి వెళ్తాం కదా, క్లారినెట్‌లో అలా కాదు, బొటనవేలి దగ్గరున్న రిజిస్టర్ కీ నొక్కితే పై స కూడా దాటి పై పంచమానికి పోతుంది. అందువల్ల మధ్యలో ఒకచోట, వేళ్లన్నీ దాదాపు గాలిలో ఉన్న స్వరం నుంచి, పక్క స్వరానికి వెళ్లాలంటే అన్ని రంధ్రాలూ ఒక్కసారిగా మూయాలి, ఆ చోటునే బ్రేక్ అంటారు. మా అమ్మాయి అక్కడికి రాగానే కీచుమని అరుపు, ఆ తర్వాత రెండు క్షణాలు నిశ్శబ్దం, మళ్లీ మొదటి నుంచి. రోజూ సాయంత్రం వంటింట్లోంచి వింటుంటే ప్రాణం ఉసూరుమనేది. "అమ్మా, నా క్లారినెట్ పాడైపోయింది" అనేది.

రీడ్లు, అంటే మౌత్‌పీస్‌కి బిగించే, ఊదితే అదిరే పలుచటి ముక్కలు, కొందామని షాపుకి వెళ్లాం. షాపు పేరు రాయను. కౌంటర్ దగ్గరున్నాయన పిల్ల ఒక్క స్వరం వాయించింది కూడా వినకుండా, రెండో ఏడు కదా చెక్కదానికి మారాలి అని రెండు వేల డాలర్లు దాటిన క్లారినెట్ తెచ్చి తన చేతిలో పెట్టాడు. అంత డబ్బు ఖర్చు పెట్టించేవాళ్లు ముందు పిల్ల వాయించేది వినాలి, ఇది నేను గట్టిగానే అంటాను. ఆ రోజు కొనలేదు కానీ పూర్తిగా తప్పించుకోనూ లేదు, 35 డాలర్లు పెట్టి కొత్త లిగేచర్ తెచ్చాం. రీడ్‌ని మౌత్‌పీస్‌కి పట్టి ఉంచే పట్టీ అది. తేడా నాకు వినపడలేదు, తనకీ వినపడలేదు. తర్వాత నెలలో ఆన్‌లైన్లో అందరూ మెచ్చుకుంటున్నారని వాండోరెన్ బీ45 మౌత్‌పీస్ 115 డాలర్లకి తెప్పించాం.

బీ45 చెడ్డదని నేను అనను. ఎంతోమంది వాడే మౌత్‌పీస్ అది. కానీ దాని చివర, రీడ్‌కీ మౌత్‌పీస్‌కీ మధ్య సందు 1.19 మిల్లీమీటర్లు ఉంటుంది, యమహాతో పాటు వచ్చే 4సీ మౌత్‌పీస్‌లో 1.05. చూడ్డానికి ఏమీ కాదు, కానీ పన్నెండేళ్ల పిల్ల పెదవికి అది పెద్ద తేడా. పైగా కాస్త గట్టిదైన మూడో నంబరు రీడ్ పెట్టాం. సందు ఎక్కువున్న మౌత్‌పీస్‌కి కొంచెం మెత్తటి రీడ్ కావాలన్న సంగతి అప్పటికి మాకు తెలియదు. పది నిమిషాలకే కింది పెదవి లోపల పంటి గాటు పడేది, సౌండ్ ఇంకా గాలిగా అయిపోయింది. రెండు వారాలు చూసి తీసేశాం. మాకు మటుకు ఇది ఐదుకి రెండు.

ఇక లెసన్స్. ఇక్కడ చాలా స్కూళ్లలో బయటి నుంచి టీచర్లు వచ్చి బ్యాండ్ పీరియడ్‌లోనే పిల్లల్ని ఒక్కొక్కరినీ పక్క గదిలోకి తీసుకెళ్లి అరగంట నేర్పుతారు. మాకు అరగంటకి 27 డాలర్లు. మొదటి లెసన్‌కి నన్ను కూడా కూర్చోనిచ్చారు.

ఆవిడ ముందు ఏమీ చెప్పలేదు. మా అమ్మాయి వాయించింది విని, అదే క్లారినెట్, అదే పాత 4సీ మౌత్‌పీస్ తీసుకుని, తన జేబులోంచి ఒక రీడ్ పెట్టి వాయించారు. నిండుగా, గుండ్రంగా, గది నాలుగు మూలలా పట్టే సౌండ్. ఆ నెల అద్దె ప్లాస్టిక్ ముక్కలోంచే! నా పక్కన మా అమ్మాయి నోరు తెరుచుకుని కూర్చుంది. ఇన్నాళ్లూ మేం తప్పంతా వాయిద్యం మీద వేస్తూ వచ్చాం, అది కాదని ముప్పై సెకన్లలో చెవులతో వినిపించారు.

తర్వాత క్లారినెట్ మొత్తం విప్పి పక్కన పెట్టి, మౌత్‌పీస్, దాని కింద ఉండే చిన్న గొట్టం (బ్యారెల్ అంటారు) ఈ రెండే చేతికిచ్చి ఊదమన్నారు. ఏ స్వరం పలుకుతోందో చూపించే ట్యూనర్ ముందు పెట్టారు. ఆ రెండు ముక్కలతో సరిగ్గా ఊదితే ట్యూనర్‌లో ఎఫ్ షార్ప్ రావాలట. తనకి ఎఫ్ దగ్గరే ఆగిపోయింది, అంటే శ్రుతి తక్కువ. కారణం నాలుక. "ఆ" అన్నట్టు కిందికి పడిపోయి ఉంది. "ఈ" అనేటప్పుడు నాలుక ఎక్కడుంటుందో అక్కడ ఉంచి ఊదమన్నారు. మీరూ ఒకసారి ఆ, ఈ అని చూడండి, రెండోదానికి నాలుక వెనక భాగం పైకి లేచి పై దవడ పళ్లని అటూ ఇటూ తాకుతుంది. అలా పెట్టి ఊదితే ట్యూనర్ ముల్లు మెల్లగా జరిగి ఎఫ్ షార్ప్ మీద నిలబడింది. ఆ ఒక్క చిన్న కదలికకే సౌండ్‌లో గాలి సగం పోయింది. డబ్బు పెట్టి కొన్న ఏ వస్తువూ మాకు ఇంత తేడా చూపించలేదు.

అద్దం ముందు గడ్డం చూసుకోమన్నారు. ముడుచుకుని ముడతలు పడకూడదు, చదునుగా కిందికి లాగినట్టుండాలి. కాగితం ముక్కని గోడకి ఆనించి, చేత్తో పట్టుకోకుండా ఊపిరితోనే పదిహేను సెకన్లు నిలబెట్టమన్నారు, ఇది ఇంట్లో మా చిన్నవాడు కూడా ఆటలా మొదలుపెట్టాడు.

రీడ్ పెట్టే తీరు కూడా ఆవిడే చూపించారు. రీడ్ చివర, మౌత్‌పీస్ చివర ఒకదాని మీద ఒకటి చూసినప్పుడు వెంట్రుకవాసి నల్లటి గీత మాత్రమే కనపడాలి. తను అప్పటిదాకా ఎటో ఒకవైపు వంకరగా పెట్టి, మరలు బిగించి వాయించేస్తోంది. ఒకే రీడ్ విరిగేదాకా వాడేది, ఇప్పుడు నాలుగు రీడ్ల మీద పెన్సిల్‌తో నంబర్లు వేసి రోజుకొకటి మారుస్తోంది. చిన్నప్పుడు మా ఊరి గుళ్లో సన్నాయి ఆయన వాయిద్యానికి దారంతో గుత్తిగా చిన్న చిన్న రీడ్లు వేలాడుతుండేవి, ఏదో అలంకారం అనుకునేదాన్ని. అవి ఎందుకో ఇన్నేళ్లకి తెలిసింది.

వాయిద్యం తప్పు అస్సలు లేదని కూడా కాదు. రెండో వారం ఆవిడ క్లారినెట్ కింది సగం (జాయింట్ అంటారు) రంధ్రాలు వేళ్లతో మూసి, అడుగున అరచెయ్యి పెట్టి, పైనుంచి గాలి పీల్చి చూశారు. లీకు లేకపోతే లోపల గాలి బిగుసుకుని ఒక్క క్షణం పట్టి ఉంటుంది, మాది పట్టలేదు. కీ కింద రంధ్రాన్ని మూసే మెత్తటి ప్యాడ్ ఒకదాని అంచు నలిగిపోయి కీ పూర్తిగా మూసుకోవడం లేదు. రిపేర్ చేసే ఆయన గొట్టంలోకి సన్నటి లైటు దింపి ఎక్కడ వెలుగు బయటికొస్తోందో మాకూ చూపించి, 55 డాలర్లకి సరిచేశారు. బ్రేక్ దాటి అన్ని రంధ్రాలూ మూసినప్పుడు స్వరం పలకకపోవడానికి సగం కారణం ఈ లీకే. డబ్బు ఖర్చు పెట్టదలుచుకుంటే మొట్టమొదట ఇక్కడ పెట్టండి, ఆ లిగేచర్ కంటే ముందు మేం చేయాల్సిన పని ఇది.

చెక్కదాని సంగతి. మంచి క్లారినెట్లు గ్రెనడిల్లా అనే నల్లటి చెక్కతో చేస్తారు, టాంజానియా, మొజాంబిక్ వైపు పెరిగే చెట్టు. దానికి గౌరవం ఉంది, మా టీచర్ వాయించేది బఫే కంపెనీ ఆర్13, 1955 నుంచి వస్తున్న మోడల్, ఆ సౌండ్ దగ్గర కూర్చుని వినాల్సిందే. కానీ మోగేది లోపలున్న గాలి. జాన్ బ్యాకస్ అనే భౌతికశాస్త్రవేత్త 1964లోనే ఇలాంటి వాయిద్యాల మీద ప్రయోగాలు చేసి, గోడ ఏ పదార్థంతో చేశారన్నది స్వరం గుణాన్ని దాదాపుగా మార్చదని రాశాడు. ఖరీదైన వాటిలో తేడా ఎక్కువగా లోపలి గొట్టం (బోరు) కొలతల్లో, రంధ్రాలు చెక్కిన నేర్పులో, కీల పనితనంలో ఉంటుంది. పైగా చెక్క పొడి గాలికి పగులుతుంది, రోజూ స్కూలు బస్సులో, లాకర్లో నలిగే వాయిద్యానికి నాకైతే ప్లాస్టిక్కే నిశ్చింత.

ఐదు నెలల తర్వాత టీచరే మౌత్‌పీస్ మాట ఎత్తారు. ఇప్పుడు పెదవికి బలం వచ్చింది, 4సీ దగ్గర ఆగిపోతోంది అన్నారు. మూడు తెచ్చి, మా అమ్మాయిని వెనక్కి తిరిగి నిలబడమని ఆవిడ వాయించారు, తర్వాత తను వాయిస్తే మేం వెనక్కి తిరిగి విన్నాం. ముగ్గురం 5ఆర్‌వీ లైర్‌నే ఎంచాం. సందు 1.09, బీ45 కంటే బాగా తక్కువ. అందులో 13 సిరీస్ తీసుకోమన్నారు, అమెరికా బ్యాండ్లలో 'ఎ' (A) అనే స్వరాన్ని 440 హెర్ట్జ్‌కి శ్రుతి చేస్తారు కాబట్టి దానికి తగ్గట్టు చేసింది అది. 125 డాలర్లు. కింది స్వరాలు నిండుగా వస్తున్నాయి, బ్రేక్ దాటిన తర్వాత స్వరం రంగు మారిపోకుండా ఒకేలా ఉంటోంది. ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, గట్టిగా వాయించాల్సిన చోట కాస్త మూసుకుపోయినట్టు ఉంటుందని మా అమ్మాయి అంటోంది, నాకూ అలాగే అనిపించింది.

దగ్గర్లో క్లారినెట్ టీచర్ దొరకనివాళ్లు, హైదరాబాద్‌లో మా చెల్లెలి కొడుకు పరిస్థితి అదే, జూమ్‌లో నేర్చుకోవచ్చు. కానీ సెట్టింగ్స్‌లో ఒరిజినల్ సౌండ్ ఆన్ చేయాలి. లేదంటే పొడుగ్గా పట్టిన స్వరాన్ని అది ఫ్యాన్ చప్పుడు అనుకుని నొక్కేస్తుంది. మేం వేసవిలో రెండు లెసన్స్ అలా పోగొట్టుకున్నాం. ఆన్‌లైన్లో శ్రుతి, తాళం చెప్పగలరు, సౌండ్ గురించి మాత్రం టీచర్ ఎదురుగా ఉంటేనే నయం.

మొత్తం ఖర్చు: ముప్పై లెసన్స్‌కి 810 డాలర్లు, రిపేరు 55, పనికొచ్చిన మౌత్‌పీస్ 125. పనికిరానివి 150. చుట్టుపక్కల స్కూళ్ల పిల్లల్లోంచి ఎంపిక చేసే రీజియన్ బ్యాండ్ ఆడిషన్‌లో, అక్కడ జడ్జీలు తెర వెనక కూర్చుని సౌండ్ మాత్రమే వింటారు, తనకి ఈసారి రెండో బ్యాండ్‌లో చోటు వచ్చింది. ఫలితాల కాగితంలో పేరు చూసుకుని "అమ్మా, బ్రేక్ దగ్గర ఒక్కసారి కూడా కీచుమనలేదు" అని అదే ముందు చెప్పింది. యమహా అద్దె ఇంకో ఏడాదికి పొడిగించాం. బీ45ని డబ్బాలో పెట్టి దాచాను, తొమ్మిదో తరగతిలో మళ్లీ ఒకసారి వాయించి చూద్దామని టీచర్ అన్నారు.